మా ఇంటి గడిలో సున్నా

మొన్న వానలు పడ్డాక ఒక ఉదయం హిందూపురంలో మా ఇంటికి దోమల సర్వే అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో సెల్‌ఫోను. గేటు దగ్గరే నిలబడి మా ఇంటి నంబరు పలకను ఫోటో తీసుకుంది, ఫోనులో ఏదో నొక్కింది, "అయిపోయింది మేడం" అని వెనక్కి తిరిగింది. నేను వసారాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. "ఏం పాపా, తొట్లు చూడవా? పెరట్లో రెండు డ్రమ్ములుండాయి" అన్నాను. "చూసినట్టే మేడం. మీ ఇల్లు నీటుగా ఉంటాది, నాకు తెలుసు. ఇంకా మూడు వీధులు తిరగల్ల, పదకొండు లోపల అప్‌లోడ్ చేయల్ల" అంది. ఫోను చూపించమంటే చూపించింది. మా ఇంటి నంబరుకు ఎదురుగా ఉన్న గడిలో సున్నా పడి ఉంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. బడిలో పాతికేళ్ళు పాఠాలు చెప్పిన నోరు, తిట్టడానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు. పైగా అంతకు వారం ముందే పక్కింటి కోడలు డెంగ్యూతో ఆసుపత్రిలో పడి లేచి వచ్చింది. అయినా నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆ అమ్మాయిని పెరట్లోకి తీసుకుపోయి డ్రమ్ముల మూతలు తీసి చూపించాను. ఒకదాంట్లో దోమ పురుగులున్నాయి. ఆమె తల వంచుకుని సున్నా చెరిపి ఒకటి వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాకు చేతిలో పని సాగలేదు. నా ఇరవయ్యో ఏట, ధర్మవరంలో, నేనూ అట్లాంటి గడిలోనే సున్నా రాశాను. ఈ అమ్మాయి చూడకుండా రాసింది. నేను చూసి రాశాను.

మా నాయనకు గోరంట్లలో చిన్న బట్టలంగడి ఉండేది. అక్కడ డిగ్రీ కాలేజీ లేదని నన్ను ధర్మవరంలో మా అమ్మ పుట్టింట్లో పెట్టాడు. అవ్వ, మా మామ, మామ పెండ్లాం రత్నమ్మత్త, నేను. ముందు గదంతా మగ్గమే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని మామ పొద్దున్నుంచి సాయంత్రం వరకు నేసేవాడు. గదిలో ఎప్పుడూ ఒక వాసన ఉండేది: పడుగుకు పెట్టిన గంజి వాసన, పచ్చి పట్టు వాసన, గుంటలోని చెమ్మ వాసన, మూడూ కలిసి. కాలేజీకి వేసుకుపోయే ఓణీకి కూడా ఆ వాసన అంటుకునేది. కొత్తలో సిగ్గుపడేదాన్ని. తర్వాత ఏ వీధిలో ఆ వాసన తగిలినా ఇల్లు గుర్తొచ్చేది. మగ్గం ఆగితే ఇంట్లో ఏదో జరిగినట్టు. ఆ చప్పుడుకు అలవాటు పడిన అవ్వ, పక్కింట్లో ఉన్నా సరే, అది ఆగిన వెంటనే "ఏమబ్బా, ఏమాయ?" అని కేక వేసేది. అత్త గోడవార రాట్నం ముందు కూర్చుని పట్టుదారం కండెలు చుడుతూ ఉండేది. ముదిగుబ్బ దగ్గర పల్లె ఆమెది. నాకంటే రెండేండ్లే పెద్ద. అందుకే మా ఇద్దరికీ మాటలు ఎక్కువ. నేను చెప్పే కాలానికి ఆమె ఏడు నెలల కడుపుతో ఉంది.

ఆ ఇంట్లో నీళ్ళంటే అవ్వ. కొళాయి వారానికోసారి వచ్చేది, అదీ ఏ పొద్దు వస్తుందో చెప్పి వచ్చేది కాదు. నీళ్ళకు ముందు కొళాయిలోంచి గాలి బుసకొట్టే చప్పుడు వచ్చేది. అది వినబడగానే అవ్వ పూజలో ఉన్నా లేచి వచ్చేది. నడిమింట్లో సిమెంటు తొట్టి ఉండేది, మనిషి నడుము ఎత్తు. ఒకటి రెండు రోజులు తాగే నీళ్ళు ఇత్తడి బిందెల్లో పోను, మిగతావన్నీ దానిలోకే. దాని మీద రేకు, రేకు మీద రాయి. అవ్వ చెంబు ముంచి ఇస్తే తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. స్నానానికి ఇన్ని చెంబులు, కాళ్ళు కడుక్కోవడానికి ఒకటి. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, బట్టలు జాడించిన నీళ్ళు వాకిట్లోకి. తొట్టి అడుగంటితే రెండు వీధుల అవతల బోరింగు ఉంది. అక్కడ బిందెల వరుస, ఆ వరుసలో కొట్లాటలు. ఆ పని అత్తది.

డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నప్పుడు జ్వరాల సర్వేకని ఆరోగ్యశాఖవాళ్ళు కొన్ని నెలల పనికి ఆడపిల్లలను తీసుకున్నారు. మగవాళ్ళను నడిమింట్లోకి రానివ్వరు కాబట్టి తొట్లు చూడటానికి ఆడవాళ్ళు కావాలి. నేను చేరాను. మాకు పైన ఓబులేసు సారు ఉండేవాడు. ఆయన ఉద్యోగమంతా దోమలు పట్టడంలోనే గడిచింది. తెల్లవారుతూనే పశువుల కొట్టాల్లో, మగ్గం గుంటల్లో టార్చిలైటు వేసి గోడ మీద వాలిన దోమను గాజు గొట్టంతో సుతారంగా పీల్చి, సీసాలో వేసి దూది పెట్టేవాడు. ఊళ్ళో అందరూ "దోమల సారు" అని నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. మా చేతికి తొట్టి నీళ్ళు ముంచి చూసే ఒక గరిటె, ఒక టార్చిలైటు, గడులు కొట్టిన ఒక రిజిస్టరు ఇచ్చి మొదటి రోజే చెప్పాడు.

"దోమ ఎగిరినాక దాని ఎనక పరిగెత్తేది తెలివితక్కువ పని పాపా. నీళ్ళల్లో ఉన్నప్పుడే లెక్కబెట్టల్ల. ఈ వారం నీళ్ళల్లో పురుగు, వచ్చే వారం గాల్లో దోమ, ఆపై వారం మంచంలో మనిషి. మన చేతిలో ఉండేది ఈ మొదటి వారమే."

ప్రతి ఇంటికీ ఒక గడి. పురుగులుంటే ఒకటి, లేకుంటే సున్నా. వీధి మొత్తంలో పురుగులున్న ఇండ్లు ఎన్నని కూడుకుంటాం. ఆ లెక్క ఒక గీత దాటితే పెనుకొండలో ఉండే మా పై ఆఫీసు, మనుషులను, మందును, పొగ మిషనును పంపాలి. దాటకపోతే పంపదు. వినడానికి ఎంత సులువుగా ఉందో చేయడానికి అంత కష్టం. ఏ ఇంటికి పోయినా ఒకటే మాట. "నీళ్ళు పారబోయమంటావా? కొళాయి రేపొస్తాదని రాసిస్తావా? రాసియ్యి, ఈ పొద్దే పారబోస్తా" అని ఒకామె గరిటె లాక్కుంది. తొట్లో మందు చుక్కలు వేస్తామంటే, పట్టు తడిపే నీళ్ళల్లో మందేమిటని మగవాళ్ళు అడ్డం పడేవాళ్ళు. నేను పాఠం ఒప్పజెప్పినట్టు సారు మాటలే చెప్పేదాన్ని. కొందరు వినేవాళ్ళు, ఎక్కువమంది తలుపేసేవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నోరు ఎండిపోయేది. అవ్వ ఒక చెంబు ఇచ్చి, "ఊరోళ్ళ నీళ్ళు పారబోసి వచ్చినావా?" అనేది.

మా వీధి సర్వే నా వంతుకే వచ్చింది. ముప్పై గడపలు తిరిగి చివరికి మా ఇంటికి వచ్చాను. మామ సంతకు పోయాడు, అత్త రాట్నం దగ్గర ఉంది. అవ్వ చూస్తుండగా రాయి దించి, రేకు జరిపి, టార్చిలైటు వేశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆ తేట నీళ్ళల్లో పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ కిందికి పారిపోయాయి. పది కాదు, ఇరవై కాదు.

"అవ్వా, ఇవి పారబోయల్ల. తొట్టి రుద్ది కడగల్ల."

"నింపి నాలుగు దినాలే ఆయ. వారం నీళ్ళు అవి. పారబోసి ఏం తాగుతావు, నీ రిజిస్టరు పిండుకోని తాగుతావా?"

"నింపక ముందే గుడ్లు తొట్టి గోడకు పట్టుకోనుంటాయి. రుద్దకుంటే పోవు."

"మీ తాత కట్టించిన తొట్టి. ఇన్నేండ్లలో ఎవురికేమాయ చెప్పు. గుడ్డలో వడగట్టుకుంటే సాలు" అని అవ్వ లోపలికి పోయింది.

అంతగా చెప్తే వినకపోయేది కాదు. ఊళ్ళో మొండి ఆడవాళ్ళతో వాదించినట్టు అవ్వతోనూ గంటసేపు వాదించి ఉండవచ్చు. కానీ నాకు అప్పుడు వేరే భయం పట్టుకుంది. ఆ రిజిస్టరులో ఇంటి యజమాని పేరు ఉంటుంది. ఒకటి రాసి, వీధి లెక్క గీత దాటితే, మనుషులు వచ్చి తొట్టి వాకిట్లోకి కుమ్మరిస్తారు, వీధంతా చూస్తుంది. దోమల పాప ఇంట్లోనే దోమలంట అని నవ్వుతుంది. తలుపేసిన ప్రతి ఇల్లూ గుర్తొచ్చింది. పాత పంచె తెచ్చి పైపై నీళ్ళు వడగట్టాను. దొరికినన్ని దొరికాయి. తీసేశాను కదా, ఇప్పుడు లేవు కదా, అని నాకు నేనే చెప్పుకుని సున్నా రాశాను. గుండ్రంగా, అందంగా రాశాను. నా చేతిరాత బాగుంటుందని సారు మెచ్చుకునేవాడు.

ఆ వారం లెక్కలు పెనుకొండకు ఇచ్చిరావడానికి సారుకు ఒంట్లో బాగాలేక నన్ను పంపాడు. ప్యాసింజరు రైలెక్కి పోయాను. ఆ ఆఫీసులో పెద్దాయన మంచివాడే. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. కండ్లద్దాలు పెట్టుకుని ఒక్కో వీధి మీద వేలు పెట్టి కూడుకుంటూ పోయాడు. మా పక్క వీధి గీత దాటింది. దాని కింద ఎర్ర పెన్సిలుతో గీశాడు. మా వీధి దగ్గర వేలు ఆగింది.

"ఇది గూడా ఇంచుమించు వచ్చింది. ఒక్క ఇల్లు తక్కువుండాది. ఉండే మందు కొంచెం, దీన్ని వచ్చే నెల చూస్తాము."

నా నోరు తెరుచుకుంది. ఆయన తల ఎత్తి, "ఏమ్మా, ఇంకేమన్నా చెప్పల్నా?" అని అడిగాడు.

"లేదు సార్" అన్నాను.

అంతే. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది, కాగితాలు ఎగరకుండా పెట్టిన రాళ్ళు బల్ల మీద ఉన్నాయి, గుమాస్తా టీ తాగుతున్నాడు. ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన ఇంకో ఎర్ర గీత గీసేవాడు. రైలు కోసం స్టేషనులో కూర్చున్నంతసేపూ, వెనక్కి పోయి చెప్పొచ్చు, ఇప్పుడైనా పోవచ్చు అనుకుంటూనే ఉన్నాను. రైలు వచ్చింది. ఎక్కేశాను.

రెండు వారాలు తిరిగేసరికి వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం అత్త కండె చుడుతూ చుడుతూ రాట్నం మీదికే తల వాల్చింది. మొదట నీరసమనుకున్నాం. ముట్టుకుంటే కాలిపోతోంది. "కండ్ల ఎనక పొడిచినట్టుండాది సరోజా, ఎముకలు ఇరుగుతాండాయి" అంది. అప్పట్లో పేపర్లు దాన్ని విషజ్వరం అని రాసేవి, డెంగ్యూ అనే మాట మా వీధికి ఇంకా రాలేదు. ఊళ్ళో డాక్టరు సూదులేశాడు. నాలుగో రోజు చిగుళ్ళలో నెత్తురు కనబడితే మామ జీపు మాట్లాడి అనంతపురం తీసుకుపోయాడు. అవ్వా నేనూ వెంట పోయాం. దారి పొడవునా అత్త నా ఒళ్ళో తల పెట్టుకుని కడుపు మీద చెయ్యి ఆనించుకునే ఉంది. మధ్య మధ్య నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టి, "కదుల్తాండాదా? నాకు తెలీకుండా ఉండాది" అని అడిగింది. కదులుతోందని చెప్పాను. నాకూ తెలియలేదు.

అత్త బతికింది. బిడ్డ బతకలేదు. ఆడపిల్ల. ఇంటికి తెచ్చాక నెలరోజులు అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. మగ్గం ఆగిపోయింది, అవ్వ కేకలు వేయడం మానేసింది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో అవ్వ, "ఆ బిడ్డకు దేవుడు అంతే రాసినాడు" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఏదో పని కల్పించుకుని బయటికి పోయేదాన్ని.

జ్వరాలు పెరిగాక పొగ మిషను వచ్చింది. తెల్లటి పొగ వీధంతా కమ్మింది, పిల్లలు దాని వెనక పరిగెత్తారు. ఆ సాయంత్రం ఓబులేసు సారు సైకిలు తోసుకుంటూ పోతుంటే ఆపి, జరిగిందంతా చెప్పాను. ఆయన సైకిలుకు స్టాండు వేశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది.

"పక్క వీధి గీత దాటె గదా పాపా. దానికి మందు ఎప్పుడొచ్చె? మీ వీధితో పాటే, ఈ పొద్దే వచ్చె. నువ్వు ఒకటి రాసినా ఇంతే జరిగుండొచ్చు."

నా ప్రాణం కొంచెం కుదుటపడబోయింది. ఆయన పడనివ్వలేదు.

"అట్లని నువ్వు రాసింది సరి గాదు. వాళ్ళు రాకపోయేది వాళ్ళ తప్పు. మనం చెప్పకుంటే ఆ తప్పు గూడా మన నెత్తికే చుట్టుకుంటాది. ఇంగ ఎవుర్నీ అడిగే మొగం మనకుండదు."

నేను ఆ పని మానేశాను. బీఈడీ చేసి బడిలో చేరాను, పెండ్లయి హిందూపురం వచ్చాను. అవ్వ పోయింది, ఓబులేసు సారు పోయాడు. ఈ మధ్యలో ఎన్ని మారాయి. గరిటె పోయి ఫోను వచ్చింది, రిజిస్టరు పోయి యాప్ వచ్చింది. పొద్దున తీసిన ఫోటో మధ్యాహ్నానికి రాజధానిలో కనబడుతుందట. జ్వరం పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్లేట్‌లెట్లు ఎన్నని పండ్లంగట్లో మాట్లాడుకుంటారు. బొప్పాయి ఆకు అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ మా వీధిలో కొళాయి ఇప్పటికీ వారానికి ఒకటి రెండు సార్లే. ప్రతి పెరట్లో నీలిరంగు డ్రమ్ములు. ఆనాటి సిమెంటు తొట్టినైనా రుద్ది కడగొచ్చు, ఈ డ్రమ్ముల అడుగుకు చెయ్యి కూడా అందదు. లెక్క పెట్టే తీరు మారింది గాని, లెక్క అడిగేవాడు మారలేదు. జ్వరం వచ్చాకే పొగ వస్తోంది. ఇన్నేండ్లకు కూడా మనం ఆ మూడో వారంలోనే మేలుకుంటున్నామంటే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

సర్వే అమ్మాయి వచ్చిపోయాక, ఆ ఆదివారం ధర్మవరం పోయాను. అత్తకు ఆ తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. పెద్దవాడు మరమగ్గాలు పెట్టాడు. మామ లేడు. అత్త జుట్టు పూర్తిగా తెల్లబడింది, మనిషి మాత్రం గట్టిగానే ఉంది. భోజనాలయ్యాక, ఇన్నేండ్లూ దాచుకున్న మాట ఆమె ముందు పెట్టాను. తొట్టి, పురుగులు, సున్నా, పెనుకొండ, అన్నీ చెప్పాను. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ విన్నది.

"నేనూ చూసినా" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ పురుగుల్ని. నీకంటే రెండు దినాల ముందే చూసినా. మీ అవ్వ ఇంట్లో లేనప్పుడు నీళ్ళు ముంచుతాంటే చెంబులో వచ్చినాయి. పారబోసి ఊరకుండిపోతి. మీ అవ్వకు చెప్తే ఏమన్నా చేసుండునేమో. తొట్టి కడిగితే మళ్ళీ నింపేదెవరు? ఏడు నెల్ల కడుపేసుకోని బోరింగు కాడికి పోవల్ల. నా నడుము అప్పటికే ఇరిగిపోతాండె. నాలుగు దినాలు ఆగితే కొళాయి వస్తాదిలే అనుకుంటి."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు, నన్ను ఓదార్చనూ లేదు.

"నువ్వు వచ్చి టార్చిలైటు ఏసినప్పుడు రాట్నం తిప్పుతా చూస్తానే ఉన్నా. మీ అవ్వ కాదనంగానే నువ్వు ఇంగేమీ అనకుండా పోతివి. హమ్మయ్య అనుకుంటి సరోజా. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడల్యా. ఎవురన్నా ఎంతమంది పిల్లోల్లని అడిగితే ముగ్గురంటా, ఇద్దురు కాదు."

తిరుగు రైల్లో నాకు పట్టరాని కోపం. నా తప్పు చెప్పుకుని తేలికవుదామని పోతే, ఆమె అందులో సగం తీసుకుని తన మీద వేసుకుంది. ఆ సగం ఆమెది కాదు. కడుపుతో ఉన్న మనిషి బిందెలు మోయలేక నాలుగు రోజులు ఊరుకోవడం తప్పెట్లా అవుతుంది? నీళ్ళు రోజూ వచ్చి ఉంటే అవ్వ పారబోయనిచ్చేది, అత్త చెప్పేది, నేను నిజం రాసేదాన్ని. ముగ్గురు ఆడవాళ్ళం ఒక తొట్టి చుట్టూ నిలబడి ఎవరి కారణంతో వాళ్ళం నోరు మూసుకున్నాం.

మరుసటి రోజే మున్సిపాలిటీ ఆఫీసుకు పోయాను, అర్జీ రాసుకుని. మా వీధిలో దోమలు పెరుగుతున్నాయి, నీళ్ళు రోజూ వదిలితే ఈ డ్రమ్ములు ఉండవు, అని అందులో సారాంశం. కిటికీ వెనక కుర్రాయన చదివి, వెనక్కి తోశాడు.

"మేడం, ఇది దోమల కంప్లైంటా, నీళ్ళ కంప్లైంటా?"

"రెండూ ఒకటే గదప్పా."

"ఒకటి కాదు మేడం. దోమలైతే ఈడ, నీళ్ళయితే పక్క బిల్డింగు. రెండూ కలిపి తీసుకునేదానికి కంప్యూటర్లో ఆప్షన్ లేదు. ఏదో ఒకటి చెప్పండి."

నా వెనక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నారు. ఆయన నా మొహం వంక చూస్తూ కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు, నేను ఏదో ఒకటి చెప్తానని.